గొంతు దగ్గరి ముత్యాలు

ముప్ఫై ఏళ్ళుగా పూసలు గుచ్చి బతుకుతున్నదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. పోయిన నెల దాకా నా చేతుల మీదుగా పోయిన ముత్యాలు లక్షల్లో ఉంటే, వాటిలో అసలైనవి అరవై ఒక్కటే. ఆ అరవై ఒక్కటిలో ఇరవై మూడింటిని తీసుకెళ్ళి వెనిగర్‌లో నానబెట్టాను.

ఎందుకు నానబెట్టావంటే ఏం చెప్పను? అలవాటు. పెళ్ళిగౌన్లు అద్దెకిచ్చే దుకాణానికి నేను పని చేస్తాను. ఆ గౌన్ల మీద కుట్టేవన్నీ గాజు ముత్యాలే. ఒకసారి అద్దెకు వెళ్ళొచ్చిన గౌను మీది పూసలకు చెమట, పౌడరు, పాత జిగురు అన్నీ పట్టేసి ఉంటాయి. వాటిని విప్పి, నీళ్ళలో సగానికి సగం వెనిగర్ కలిపి ఓ గంట పడేస్తే తళతళా బయటికొస్తాయి. పూసల పనివాళ్ళందరం చేసేదే. మురికి పూస వేళ్ళకు తగిలిందంటే చెయ్యి దానంతటదే గిన్నె దగ్గరికి పోతుంది, బుర్రతో పని లేదు. ఆ రోజూ బుర్రతో పని పడలేదు.

ఆ దండ మా మేనకోడలిది. ఇంట్లో అందరికీ అది పిచ్చుక. కాలు ఒకచోట నిలిచేది కాదు, నోరు అసలే నిలిచేది కాదు. బేకరీ కౌంటర్లో ఉద్యోగం దొరికాక ఆరు నెలల జీతంలో మిగిల్చుకుని ఆ దండ కొనుక్కుంది. కొన్న రోజే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "అత్తా, నీ గాజు సరుకు నాకొద్దు. ఇవి పంటికి రాస్తే ఇసకలా గరగరమంటాయి, చూడు" అని నా పంటికే రాసి చూపించింది. నా పని నాకే నేర్పుతోందని ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ఆ దండ దాని మెడ దిగలేదు. పిండి పట్టిన చేతులతో, చెమటతో, నవ్వుతో, అందులోనే తిరిగింది. రెండేళ్ళ కిందట ఇరవై ఆరో ఏట తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. ఆసుపత్రిలో నర్సు ఆ దండ తీసి, మందుల కవర్లో వేసి మా వదిన చేతికిచ్చింది.

అన్నయ్య అంతకుముందే పోయాడు. వదినకు ఉన్నది పిచ్చుక ఒక్కతే. అదీ పోయాక వదిన మాట్లాడటం తగ్గించేసింది. ఇంటికి వెళ్తే కూర్చోమంటుంది, టీ ఇస్తుంది, అంతే. అలాంటి వదిన పోయిన నెల తనంతట తాను మా ఇంటికి వచ్చి, అదే మందుల కవరు నా ఒళ్ళో పెట్టింది.

"వచ్చే పదిహేడుకి అది పోయి రెండేళ్ళు. ఆ రోజు ఇది మెడలో వేసుకోవాలనుంది. దారం తెగేలా ఉంది, కొత్తది ఎక్కించు."

"దానిదేముంది వదినా, రెండు రోజుల్లో ఇస్తా."

"వేరే ఎవరి చేతికీ ఇవ్వలేను. దాని ఒంటి మీద చివరిదాకా ఉన్నది ఇదొక్కటే." అలా అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చుని దండ పైకెత్తగానే దారం నడిమధ్యలో పుటుక్కున తెగింది. కొన్ని ముత్యాలు జలజలా పళ్ళెంలో రాలాయి. ఎప్పుడూ చర్మానికి తగిలే చోటు కదా, గొంతు దగ్గరివి బాగా జిడ్డుపట్టి ఉన్నాయి. అప్పుడే దుకాణం సూపర్‌వైజరు ఫోను చేసింది. ఏదో గౌను అంచు ఊడిపోయిందని గొడవ. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రాలిన ముత్యాలు చేత్తో దోసి వెనిగర్ గిన్నెలో వేశాను. ఆవిడతో వాదించి, ఫోను పెట్టేసి, సంచీ తగిలించుకుని దుకాణానికి పోయి, అంచు కుట్టి వచ్చాను.

వచ్చి గిన్నెలో చూస్తే సుద్దముక్కలు.

ముందు అర్థం కాలేదు. నీళ్ళు మారిస్తే సరిపోతుందనుకున్నాను. కడిగాను, గుడ్డతో తుడిచాను. ఎంత తుడిస్తే అంత తెల్లటి పొడి చేతికంటుకుంది. కొన్నిటికి గుంటలు కూడా పడ్డాయి. అప్పుడు తెలిసింది ఏం చేశానో. నేల మీద కూలబడి, "అమ్మో, అమ్మో" అంటూ ఎంతసేపున్నానో నాకే తెలియదు. మా ఆయన లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, సూది గుచ్చుకుందేమోనని నా వేళ్ళన్నీ తిప్పి చూశారు.

ఆయన రిటైరైన బస్సు మెకానిక్. విరిగింది ఏదైనా, దానికి విడిభాగం ఎక్కడో ఒకచోట దొరుకుతుందని నమ్మే మనిషి. సంగతంతా విని, "పోయినవి ఇరవై మూడేగా, మొత్తం పోలేదుగా" అన్నారు. ఓదార్పట. తల గోడకేసి కొట్టాలనిపించింది. తల నాది కాదు, ఆయనది.

తర్వాత ఆయనే, "వదినగారికి చెప్పెయ్యి" అన్నారు.

"చెప్తే బతుకుతుందా?"

"చెప్పకపోతే నువ్వు బతుకుతావా?"

ఆ పూట నాకు జవాబుతో పని లేదు. ముత్యాలతో పని. పదిహేడుకి ఇరవై రోజులుంది. ఆ ఇరవై మూడుకు జత కుదిరేవి తేవాలి, వదిన కనిపెట్టకూడదు. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

ఊళ్ళో నగల దుకాణాలు తిరిగాను. వాళ్ళకు సెట్టు కావాలంటే సెట్టు అమ్ముతారు, ఇరవై మూడు ముత్యాలంటే నవ్వుతారు. పాత రంగుకు జత కావాలంటే ఆన్‌లైన్ వేలంలో చూడమని ఒకాయన దయతలిచాడు. ఫోన్లో ఆ వేలం యాప్ పెట్టుకున్నాను. అమ్మేవాళ్ళు వేలమంది. పేర్లు చూస్తే నవ్వొచ్చేవే గానీ అప్పుడు నవ్వు ఎక్కడుంది? ముత్యాల మామయ్య, సముద్రరాణి, నిజాయితీ నంబర్ వన్. అందరికీ అయిదేసి చుక్కల రేటింగ్.

మా ఆయన బేరింగులు కొలిచే పరికరం తెచ్చి, మిగిలిన ముప్ఫై ఎనిమిది ముత్యాలనూ కొలిచి కాయితం మీద రాసిచ్చారు. ఏడు మిల్లీమీటర్లు, ఒకటీ అరా ఆవగింజంత తేడా. రంగుకు మాత్రం కొలిచే పరికరం లేదు. అది మీగడ రంగు. తెల్లారే వెలుతురులో పెడితే లోపలెక్కడో పలచని గులాబి రంగు కదులుతుంది. ఆ గులాబి కోసమే ఆ తర్వాత పదిహేను రోజులు కళ్ళలో వత్తులేసుకుని ఫోను చూశాను.

ముత్యాల మామయ్య దగ్గర మొదటి దండ వేలంలో పాడుకున్నాను. "నూటికి నూరుపాళ్ళు అసలైనవి" అని రాశాడు. మూడో రోజు పార్సెల్ వచ్చింది. కవరు చింపి చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. పంటికి రాయక్కర్లేదు, బరువే చెప్పింది. గాజు. ముప్ఫై ఏళ్ళు నాకు తిండి పెట్టిన సరుకునే, నేను దుకాణంలో గుప్పెళ్ళతో పారబోసే సరుకునే, పాట పాడి మరీ కొనుక్కున్నాను. "మామయ్యా, నీ నోట్లో మన్ను పడ" అని రాయబోయి, మా ఆయన ఫోను లాక్కుంటే ఊరుకున్నాను.

సముద్రరాణి పంపినవి అసలైనవే. ఫొటోలో మీగడ రంగే. తీరా చూస్తే పసుపు దీపం కింద తీసిన ఫొటో. మా కిటికీ దగ్గర తెల్లకాయితం మీద పెడితే సున్నం తెలుపు. పైగా మెరవాలని నూనె రాసి ఫొటో తీసింది మహాతల్లి. గుడ్డతో తుడిస్తే మెరుపు గుడ్డకు వచ్చింది.

మూడోసారి రంగు కుదిరింది. సరిగ్గా అదే మీగడ, అదే గులాబి. ముప్ఫై ముత్యాలు చిన్న డబ్బాలో వచ్చాయి. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పరుగున వెళ్ళి సూదిలో పట్టుదారం ఎక్కించుకుని మొదటి ముత్యంలో గుచ్చాను. సూది సగందాకా వెళ్ళి ఆగిపోయింది. రెండోది, ఆగిపోయింది. అన్నీ అంతే. కమ్మలకు అతికించే ముత్యాలవి, బెజ్జం ఒకవైపే ఉంటుంది. ఫొటోలో బెజ్జం కనబడింది కదా అని అవతలి వైపు అడగలేదు. ముప్ఫై ఏళ్ళ పనిమంతురాలు చెయ్యాల్సిన తప్పేనా అది? గాజు పూసకు ఒకవైపే బెజ్జం ఉండటమన్నది నేనెన్నడూ చూడలేదు మరి.

మా ఆయన సన్నటి డ్రిల్లు సంపాదించుకొచ్చారు. తడిగుడ్డ మీద పెట్టి, పీల్చిన ఊపిరి వదలకుండా ఒక్కొక్కటే తొలిచారు. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోదానికి బెజ్జం పడింది గానీ పక్కకు పోయి, గుచ్చితే వంకరగా తల వాల్చింది. పదకొండు ముత్యాలు పగిలాక ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఇక నావల్ల కాదే. నువ్వు చెప్పెయ్యి."

నేను వినలేదు.

ఈలోగా వదిన రెండు రోజులకోసారి ఫోను. "అయిందా?" అంటుంది. ఇంకో మాట ఉండదు. ఒకసారి దారం రాలేదన్నాను. ఒకసారి నడుం పట్టేసిందన్నాను. ఇంకోసారి దుకాణం పని పీకల మీదికొచ్చిందన్నాను. ప్రతిసారీ ఒకే జవాబు, "సరే అమ్మాయ్, నీకు కుదిరినప్పుడే." కోప్పడితే నాకు హాయిగా ఉండేది. ఆ "సరే" విని ఫోను పెట్టేసి మళ్ళీ వేలం తెరిచేదాన్ని. చచ్చిపోతే బావుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. ఆ మాట మా ఆయనతో అనలేదు.

పదిహేడుకి ఆరు రోజులుందనగా ఆ దండ కనబడింది. అమ్మేవాళ్ళ పేరు "పాత ఇల్లు ఖాళీ". చుక్కలు లేవు, గొప్పలు లేవు. కిటికీ గట్టు మీద పగటి వెలుతురులో తీసిన ఒకే ఒక్క ఫొటో. కింద "మా అమ్మది. నాకు పెట్టుకునే అలవాటు లేదు" అని ఉంది. తెల్లకాయితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఇంకో ఫొటో పంపమని, బెజ్జం రెండు వైపులా చూపించమని అడిగాను. గంటలో పంపింది. ఏడు మిల్లీమీటర్లు. ఆ గులాబి ఉంది.

"ఎవరికోసం కొంటున్నారు?" అని అడిగింది ఆవిడ.

"మా మేనకోడలి కోసం" అని రాశాను. ఆ రాసిన వేళ్ళు మిగతా రోజంతా నావి కానట్టే ఉన్నాయి.

"ఆమెకు బావుంటాయి" అని జవాబిచ్చింది.

పాట ముగిసేది మర్నాడు మధ్యాహ్నం మూడింటికి. ఆ టైముకు నేను దుకాణంలో, ఎవరో పెళ్ళికూతురు కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గౌను అంచు మడుస్తున్నాను. నోటి నిండా గుండుసూదులు. ఫోను గౌను కుచ్చెళ్ళ కింద దాచాను. "గవ్వ" అనే పేరుతో ఎవరో నాకు పోటీ. నేను పెంచితే గవ్వ పెంచుతుంది. మళ్ళీ పెంచితే మళ్ళీ. నా కళ్ళజోడు మార్చుకోవడానికి దాచుకున్నది దాటిపోయింది, ఆ పైన దాచుకున్నదీ దాటిపోయింది. గవ్వ ఎవరో, వాళ్ళ ఇల్లెక్కడో తెలియదు గానీ, నోట్లో సూదులతోనే తిట్టరాని తిట్లన్నీ తిట్టాను. "ఏమైందాంటీ, గుచ్చుకుందా?" అని పెళ్ళికూతురు కంగారుపడింది. చివరి నిమిషంలో కళ్ళు మూసుకుని, నోటికొచ్చిన అంకె కొట్టేశాను. కళ్ళు తెరిచేసరికి గవ్వ లేదు. దండ నాది.

ఇంటికొచ్చే దారిలో మాత్రం ఆ గవ్వ గుర్తొచ్చి కాళ్ళు ఆగాయి. అంత ధర దాకా వచ్చిందంటే, ఆవిడకీ ఏదో అవసరం ఉండి ఉంటుంది కదా.

పార్సెల్ పద్నాలుగున చేరింది. రెండు రోజులు దుకాణానికి సెలవు పెట్టాను. పొద్దున వెలుతురులో, గాడి ఉన్న చెక్క మీద మిగిలిన ముప్ఫై ఎనిమిదీ పరిచి, కొత్తవాటిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి చూసి, నచ్చకపోతే తీసేసి, మళ్ళీ పెట్టి, ఇరవై మూడు ఏరాను. ఒక్కో ముత్యానికీ మధ్య ఒక్కో ముడి వేస్తూ పట్టుదారం ఎక్కించాను. పూర్తయ్యాక మా ఆయన్ని పిలిచి, కొత్తవి ఏవో చూపించమన్నాను. ఆయన కొలిచే పరికరం కూడా తెచ్చుకున్నారు. అయినా చూపించలేకపోయారు. నా బతుకులో అంత మంచి పని నేనెప్పుడూ చెయ్యలేదు. పాడైన ఇరవై మూడింటినీ మెత్తటి గుడ్డలో చుట్టి, మాత్రల డబ్బాలో పెట్టి, సూదుల సొరుగులో అడుగున తోసేశాను. పారెయ్యడానికి చేతులు రాలేదు.

పదిహేడో తారీకు పొద్దున్నే వదిన వచ్చింది. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆమెను అలా చూసి ఎన్నాళ్ళయిందో. మా ఆయన పలకరించి, ముఖం చెల్లక వంటింట్లోకి తప్పుకున్నారు.

దండ ఆమె చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసుకుంది. చెంపకు ఆనించుకుంది. కళ్ళు మూసుకుని ఒక్కో ముత్యాన్నీ వేళ్ళతో తడుముతూ పోయింది. తెలుసుకుంటుందేమో, ఇప్పుడే తెలుసుకుంటుందని నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. తెలుసుకోలేదు. నడిమధ్య ముత్యం దగ్గర వేళ్ళు ఆగాయి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి వదిన నవ్వింది.

"ఇదే అమ్మాయ్. అది గలగలా మాట్లాడుతుంటే ఇది గొంతు గుంటలో ఎగిరెగిరి పడేది, గుర్తుందా? ఇది మాత్రం ఎక్కడున్నా పట్టేస్తాను."

అని ఆ ముత్యాన్ని ముద్దు పెట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

గెలిచాను. ఇరవై రోజులు దేనికోసం చచ్చీ చెడీ పాకులాడానో అది జరిగింది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ వాళ్ళమ్మ ముత్యాన్ని మా వదిన తన కూతురనుకుని ముద్దు పెట్టుకుంటోంది, నేను చూస్తున్నాను. పిచ్చుక నా సొరుగులో, సూదుల కింద, మాత్రల డబ్బాలో ఉంది. ఇక నా వల్ల కాలేదు.

"వదినా, అది పిచ్చుకది కాదు."

వదిన కళ్ళు తెరిచింది.

"దానివి నేను పాడు చేశాను. గాజువనుకుని... గాజువి కడిగినట్టు కడిగాను. గొంతు దగ్గరివి ఇరవై మూడు. ఇవి వేరేవి, ఆన్‌లైన్‌లో వేలంలో కొన్నాను. నీకు తెలియకూడదని కొన్నాను. దారం రాలేదన్నది అబద్ధం, నడుం పట్టిందన్నదీ అబద్ధం."

ఏడుస్తూ ఇంకా ఏమేమో అన్నాను. వదిన పెదవులు తుడుచుకుంది. అది చూసినప్పుడు నేను పడ్డ బాధ ముందు ఆ ఇరవై రోజులూ ఏపాటి?

"దానివేవి?" అంది.

డబ్బా తెచ్చి గుడ్డ విప్పాను. వదిన చేయి చాపితే అరచేతిలో పోశాను. తెల్లగా, గరుకుగా, ప్రాణం లేనట్టున్నాయి. వదిన బొటనవేలితో వాటిని అటూ ఇటూ జరిపి చూసింది.

"ఇవేనా?"

"ఇవే."

"అన్నీ ఉన్నాయా?"

"ఇరవై మూడూ ఉన్నాయి వదినా. ఒక్కటి కూడా పోనివ్వలేదు."

వదిన మెడలో ఇంకా వేసుకోని ఆ దండను నా ఒళ్ళోకి విసిరింది. "విప్పు."

"వదినా, వీటికి మెరుపు పోయింది. కొన్ని గుంటలు పడ్డాయి. మంచివాటి మధ్య ఇవి పెడితే సుద్దలా కొట్టొచ్చినట్టు కనబడతాయి. మెడలో వేసుకుంటే నలుగురూ..."

"నేను మెరుపు అడిగానా నిన్ను?"

కత్తెర తీసుకున్నాను. రెండు రోజులు కూర్చుని వేసిన అరవై ముళ్ళూ ఒక్కొక్కటే కత్తిరించాను. కొన్నవన్నీ ఒక పక్కకు తీశాను. వాటిని ఏరడానికి నాకు కష్టం కాలేదు, నా చేత్తో పెట్టినవి నాకు తెలుసు. పిచ్చుకవి మాత్రమే గాడిలో పరిచాను. మధ్యలో ఇరవై మూడు వెలిసిపోయినవి, అటూ ఇటూ మెరిసేవి. వదిన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త దారం తీశాను. సూదిలోకి ఎక్కించబోతే దారం ఎక్కదు. తడి చేశాను, మెలేశాను, ఎక్కదు. నీళ్ళు నిండి కళ్ళకేమీ కనబడటం లేదు.

వదిన నా చేతిలోంచి సూది లాక్కుంది. దారం కొస పళ్ళతో కొరికి, ఒక్క పోటులో ఎక్కించి నా చేతికిచ్చింది.

"నీ మీద నాకు చాలా కోపముంది. అది తర్వాత పడతాను. ముందు గుచ్చు."